ఒక అర్జీ, ఒక వాక్యం

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో ఉత్పత్తి మొదలైంది. రాయిని పొడిచేసి, క్షారద్రావణంలో వేడికీ పీడనానికీ గురిచేసి యురేనియం తీస్తారు; మిగిలిన బురదను గొట్టాల గుండా కొట్టాల దగ్గరి చెరువుకు పంపుతారు. తమ బోరునీళ్లు చెడిపోయాయనీ, అరటితోటలు ఎండుతున్నాయనీ చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ కాదన్నది. 2019 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. ఇదంతా పత్రికలకెక్కిన సంగతే. నేను చెప్పబోయేది నా సొంత తప్పు.

నేను బడిపంతులును. ఊళ్లో అర్జీ రాయాలంటే నా దగ్గరికే వస్తారు. నీళ్లు పరీక్ష చేయించమని అధికారులకు రాయాలని మా చిన్నాయన అడిగాడు. "చెరువు కట్టినాకనే నీళ్లు మారినాయని రాయబ్బీ" అన్నాడు.

ఆ రాత్రే మేనల్లుడు వచ్చాడు. భూమి పోయిన ఇంటివాడుగా గనిలో ఉద్యోగం దొరికినవాడు. "నీ చేతిరాతని తెలిస్తే నా మీదికొస్తుందేమో మామా" అన్నాడు. వాణ్ని ఎవరూ బెదిరించలేదు. భయమే చాలింది.

ఆ ఒక్క వాక్యం వదిలేశాను. చిన్నాయన చదవకుండానే సంతకం పెట్టాడు. "అది రాసినావా?" అంటే, "రాసినా" అన్నాను.

బంధుత్వం వేరు, బాధ్యత వేరు అని ఉపన్యసించడం తేలిక. భూమి ఇచ్చినవాళ్లూ, గనిలో దిగినవాళ్లూ, ఆ నీళ్లతో సేద్యం చేసేవాళ్లూ ఒకే ఇంటివాళ్లయినచోట ఆ గీత ఎక్కడ గీస్తాం? మేనల్లుణ్ని కాపాడానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఇద్దరిదగ్గరా మంచివాడుగా మిగలాలన్న మధ్యతరగతి ఆశే నా చేత ఆ పని చేయించింది. కార్మికుడి భయాన్ని కార్మిక సంఘం ముందు పెట్టాలి గాని, రైతు మాట కొట్టేసి దాన్ని తీర్చకూడదు. నా చెయ్యి తడబడుతుందనుకుంటే, "ఇంకెవరిచేతనైనా రాయించుకో చిన్నాయనా" అని ముందే చెప్పివుండాలి.

పదిరోజుల తరువాత వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడన్నా రాయి. నేను చెప్తాండా" అన్నాడు చివరికి. మేనల్లుణ్ని కూడా పిలిపించాను. ఈసారి ప్రతి వాక్యం గట్టిగా చదివి వినిపించాను. వాడి భయం పోలేదు, లేచి వెళ్లిపోనూలేదు.