వార్ధక్యం – మతిమరపు – నిత్యకృత్యాలు

వృద్ధాప్యంలో మతిమరపు సహజమేనన్న అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో గుర్తురాకపోవడం, తెలిసిన పేరు సమయానికి నోటికి రాకపోవడం వయసుతో వచ్చేవే. కాని దశాబ్దాలుగా చేతికి అలవాటైన పని తడబడడం ఆ కోవలోనిది కాదు. ఈ భేదాన్ని మా అమ్మగారి సంరక్షణలో మేము ఇంటిల్లిపాదీ గ్రహించాము. సహోద్యోగులకు ఉపకరిస్తుందన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

అమ్మగారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. ఉపాధ్యాయినిగా పనిచేశారు. పాత సంగతులు సంవత్సరాలతో సహా చెప్పగలరు. మార్పు మొదట కనిపించింది ఉదయపు కాఫీలో. ఫిల్టరులో పొడి వేయడం, నీళ్ళు మరిగించడం, పాలు కాచడం – ఏ పనికాపని చక్కగానే చేసేవారు. వరుస మాత్రం తప్పేది. కొన్నాళ్ళు పొడి వేయని ఫిల్టరులో వేడినీళ్ళు పోసేవారు. పాల పద్దు ఒకే తేదీకి రెండుసార్లు రాసేవారు. మా వృత్తిభాషలో చెప్పాలంటే, విడిభాగాలన్నీ బాగానే ఉన్నాయి. వాటిని క్రమంలో నడిపించే నియంత్రణ సడలుతోంది.

వైద్యులు తేదీ, ఊరు, కూడికలు తీసివేతలు అడిగారు. అమ్మగారు దాదాపు అన్నింటికీ సరైన జవాబులే చెప్పారు. బాగా చదువుకున్నవారు తొలిదశలో ఇటువంటి ప్రశ్నలను సులువుగా దాటవచ్చునని చెప్పి, ఆయన మావైపు తిరిగి, "ఈ ఏడాదిలో ఆవిడ మానుకున్న పనులేమిటి?" అని అడిగారు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మానసిక కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం కూడా ఇటువంటి లక్షణాలు కలిగిస్తాయి. వాటికి చికిత్స ఉంది. అందుకే ముందుగా ఆ పరీక్షలు చేయించారు. అవేవీ కావని తేలిన తరువాతే డిమెన్షియా తొలిదశ అని నిర్ధారించారు.

పనులను బట్టి వృద్ధుల స్థితిని అంచనా వేసే పద్ధతి కొత్తది కాదు. 1969లో అమెరికాకు చెందిన లాటన్, బ్రాడీ అనే పరిశోధకులు టెలిఫోను, బజారు, వంట, ఇంటిపని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు – ఈ ఎనిమిదింటితో ఒక కొలమానం రూపొందించారు. సాధారణంగా ఇటువంటి క్లిష్టమైన పనులు ముందు దెబ్బతింటాయి. స్నానం, భోజనం వంటివి చాలాకాలం నిలుస్తాయి. అయితే మన ఇళ్ళలో డబ్బు కొడుకు చూస్తాడు, వంట కోడలు చేస్తుంది. పెద్దలపై గౌరవమే వారి ఇబ్బందికి తెర అవుతుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో పరిశోధించినవారు 1990లలో మన గ్రామీణ జీవనానికి తగిన వేరే ప్రశ్నావళిని తయారుచేసుకోవలసి వచ్చింది. 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారు.

ఇకపై వంటింటి పని మాన్పించమని బంధువులు సలహా ఇచ్చారు. అది విన్న అమ్మగారు, "అయితే తెల్లవారి నేనెందుకు లేవాలి?" అన్నారు. ఆ ప్రశ్నే మాకు మార్గం చూపింది. పని తీసివేయలేదు, పనిలోని మెట్లు తగ్గించాము. రాత్రే ఫిల్టరులో పొడి వేసి పళ్ళెంలో సిద్ధంగా ఉంచుతాము. గ్యాసు బదులు, నిర్ణీత సమయానికి తానే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి అమర్చాము. మాత్రలకు వారాల పేర్లున్న డబ్బా తెచ్చాము. పూలు కట్టడం, చిక్కుడుకాయలు ఒలవడం ఇప్పటికీ ఆవిడవే. జబ్బు నయం కాలేదు; నయమవుతుందన్న భ్రమ మాకు లేదు. కాని ఇంట్లో ఆవిడ స్థానం పదిలంగా ఉంది.

పెద్దవారు ఒక అలవాటైన పనిని మానుకున్నప్పుడు, విశ్రాంతి దొరికిందని సంతోషించే ముందు, ఎందుకు మానుకున్నారో ఒక్కసారి విచారించవలసిందిగా మిత్రులకు మా మనవి.