అంకె చూసి అన్న మాట

కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తూ నేను నోరు జారిన సంగతి ఇది. 2021 డిసెంబర్‌లో డల్లాస్ నుంచి వచ్చిన ఓ సాఫ్ట్‌వేర్ అబ్బాయి కోవిడ్ యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నాడు. వేసవిలో ఫైజర్ రెండు డోసులు అయ్యాక అక్కడ చేయించిన రిపోర్టు ఫోన్‌లో చూపించాడు. అందులో అంకె వేలల్లో ఉంది, మా దాంట్లో వందల్లో. పక్కనున్న వాళ్లమ్మ "ఏమైంది సార్?" అని అడిగితే, "టీకా పవర్ దిగిపోయిందమ్మా" అనేశాను.

ఆమెకు కోవిషీల్డ్ మొదటి డోసు పడి 84 రోజులు నిండాయి, రెండో డోసుకు వేళైంది. అమెరికా టీకాకే గతి లేకుంటే మనదెంతలే అనుకుని, సచివాలయం నుంచి ఏఎన్ఎం పిలిచినా పోలేదు. జనవరిలో ఒమిక్రాన్ ముసురుకున్నాక ఆ అబ్బాయి ఫోన్ చేశాడు: "రెండో డోసు వేసుకోనంటాంది సార్. ఆరోజు మీరన్న మాటే పట్టుకోని కూర్చుంది."

నా తప్పులు రెండు. ఆ రిపోర్టులు వేర్వేరు కంపెనీల కిట్లవి. ఒకదాని కింద ఏయూ/ఎంఎల్, ఇంకోదాని కింద యూ/ఎంఎల్ అని ఉంది. యూనిట్లు చూడకుండా అంకెలు పోల్చాను. టెక్నీషియన్ చేయకూడని పని.

రెండోది, యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టే అనుకోవడం. ఫైజర్ టీకాలోని ఎంఆర్ఎన్ఏ ఒంట్లో కొద్దిరోజులే ఉండి, మన కణాలతో స్పైక్ ప్రొటీన్ తయారుచేయిస్తుంది. దానికి స్పందించి తొలి వారాల్లో యాంటీబాడీలు గుప్పించే కణాలు చాలావరకు త్వరగానే చనిపోతాయి. ఐజీజీ యాంటీబాడీలు సగానికి తగ్గడానికి మూడు వారాలు చాలు. అంకె దిగడమే సహజం. కానీ చంకలోని లింఫు గ్రంథుల్లో పని ఆగదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఫైజర్ వేసుకున్నవాళ్ల గ్రంథుల్లోంచి సూదితో నమూనా తీసి చూస్తే, రెండో డోసు తర్వాత 12 వారాలకు కూడా బీ కణాల కసరత్తు సాగుతూనే ఉంది. వాటిలో కొన్ని ఎముక మజ్జకు చేరతాయి, కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. టీ కణాలు వేరే ఉన్నాయి. ఇవేవీ మా మిషన్‌కు కనబడవు. వంకలో పారుదల తగ్గింది కాబట్టి భూమిలో నీళ్లు ఇంకలేదన్నట్టుంది నేను చెప్పింది.

టీకా తర్వాత రక్షణ ఎంతుందో తేల్చడానికి ఈ పరీక్షలు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2021 మే నెలలోనే చెప్పింది. పరీక్ష చేసి డబ్బులు తీసుకున్నానే గానీ అది చదవలేదు.

అలాగని తగ్గుదల ఉత్తిదేం కాదు. యాంటీబాడీలు పలచబడితే వైరస్ మళ్లీ సోకొచ్చు. జబ్బు ముదరకుండా కాచేది ఎక్కువగా జ్ఞాపక కణాలూ టీ కణాలూ. పెద్దవాళ్లకు బూస్టర్ అవసరమైంది ఈ తగ్గుదల వల్లే. ఈ రెండు ముక్కలూ ఆమె ఇంటికి పోయి చెప్పొచ్చాను. ఆ వారంలోనే రెండో డోసు వేయించుకుంది. ఇప్పుడు రిపోర్టు ఇచ్చేటప్పుడు కిట్ పేరు, యూనిట్ చూపిస్తాను. మిగతాది డాక్టర్‌నే అడగమంటాను.