మెడ వంచని బల్ల

మాది కంసాలి పని చేసే ఇల్లు. విజయవాడ వన్‌టౌన్‌లో అద్దెకి ఉంటాం. ముందు గది మా ఆయన పని గది, వెనక రెండు గదులూ మావి. కొట్లవాళ్ళు నగలూ రాళ్ళూ తూకం వేసి ఇస్తారు, ఈయన రాళ్ళు పొదిగి మళ్ళీ తూకానికి అప్పజెప్తారు. కుంపటి రాజేసి, కమ్మచ్చులో తీగ లాగి నగంతా మొదటినుంచి తనే చేయడం మా మామయ్యగారితోనే మా ఇంట్లో ఆఖరు. ఇప్పుడు నగలు పోత పోసి వచ్చేస్తున్నాయి. రాయి పొదగడం మాత్రం ఇప్పటికీ చేత్తోనే.

ఆ రాళ్ళు ఎంత ఉంటాయో చెప్తే మీకు నవ్వొస్తుంది. 1.3 మిల్లీమీటర్ల రాయంటే ఒక సెంటు. అలాంటివి వంద కలిస్తే ఒక క్యారెట్, అంటే గ్రాములో అయిదో వంతు. సన్న ఆవగింజ పక్కన పెడితే ఏది ఏదో వెతుక్కోవాలి. దాని చుట్టూ ఉన్న బంగారాన్ని ఉలితో వెంట్రుకంత లేపి, రాయి మీదకి వంచి, నొక్కి, అంచు గుండ్రం చేయాలి. ఒక ఉంగరానికి నలభై, ఒక నెక్లెస్‌కి మూడు నాలుగు వందలు.

ఈయనకి నలభై ఏడొచ్చాయి. చత్వారం వచ్చింది. చత్వారం అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది, బియ్యంలో రాళ్ళు ఏరాలంటే కళ్ళజోడు పెట్టుకుంటున్నాను. కానీ నా చత్వారానికీ ఈయన చత్వారానికీ తేడా ఉంది. నేను ఒక రాయి వదిలేస్తే పంటి కింద పడుతుంది. ఈయన ఒక రాయి సరిగ్గా నొక్కకపోతే ఎవరి పెళ్ళిలోనో ఊడి పడుతుంది.

పోయిన ఏడాది అదే జరిగింది. ఒక కొట్టు నుంచి గాజులు వెనక్కి వచ్చాయి, రెండు రాళ్ళు లేవు. ఆ కొట్టాయన పాతికేళ్ళ పరిచయం, గట్టిగా ఒక్క మాట అనలేదు. "చిన్నరాళ్ళ పని కొన్నాళ్ళు ఇంకొకళ్ళకి ఇద్దాంలే, నువ్వు పెద్దరాళ్ళు చెయ్యి" అన్నారంతే. పెద్దరాళ్ళ పని నెలకి నాలుగు రోజులుంటే గొప్ప. మా ఆయన ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. మూడో రోజు రాత్రి అన్నం తింటూ, "గేటు దగ్గర కూర్చునే ఉద్యోగాలకి ఎంతిస్తారో" అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

కళ్ళ కంటే ముందు మెడ పోయింది, ఆ సంగతి మేమిద్దరం పట్టించుకోలేదు. మగవాళ్ళ మెడనొప్పి, ఆడవాళ్ళ నడుంనొప్పి మన ఇళ్ళలో కుర్చీలూ బల్లల్లాంటివి కదా, ఉంటాయంతే. కంటికి గ్లాసు బిగించుకుని నగని ముక్కు దగ్గరకి తెచ్చుకునేవారు, లేదా ముక్కే నగ దగ్గరకి వెళ్ళేది. రోజుకి తొమ్మిది గంటలు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలయ్యాక ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి ఒక మాట చెప్పింది. మనిషి తల అయిదు కిలోల దాకా ఉంటుందట. నిటారుగా ఉంటే వెన్నెముక మోస్తుంది, ముందుకి వాలితే మెడ కండరాలు మోయాలి. అయిదు కిలోల బియ్యం సంచి చేతిని ఆనించి పట్టుకోవడం వేరు, చేయి చాచి పట్టుకోవడం వేరు. నేను ఇది ఇంటికొచ్చి మా ఆయనకి బియ్యం సంచితోనే చూపించాను. రెండు నిమిషాలకి "సరే సరే, దించెయ్" అన్నారు.

దారి చూపించింది మాత్రం సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు. మా పెద్దాడి ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదని తీసుకెళ్తే, ఆ కుర్రాడు బల్ల మీద రెండు కళ్ళ మైక్రోస్కోపు పెట్టుకుని, తల నిటారుగా ఉంచి, చేతులు కింద ఎక్కడో పని చేస్తున్నాయట. ఈయన ఫోన్ సంగతి మర్చిపోయి, వేలికున్న ఉంగరం తీసి దాని కింద పెట్టారు. రాత్రి ఇంటికొచ్చి ఆ ఉంగరం గురించే గంటసేపు మాట్లాడారు.

ఆదివారం కొట్టు మూసేశాక ఆ కుర్రాడు దాన్ని మా ఇంటికి పట్టుకొచ్చాడు. మంచి పిల్లాడు. పెట్టి చూస్తే రాయి బ్రహ్మాండంగా కనిపించింది గానీ, ఉలి పట్టుకుని చేయి పెట్టడానికి చోటు లేదు. అద్దానికీ నగకీ మధ్య దూరం పది సెంటీమీటర్లే. దానికి ఉపాయం కూడా అతనే చెప్పాడు. కింద సగం లెన్సు అని ఒకటి మరతో బిగిస్తే దూరం రెట్టింపవుతుంది, కనిపించే సైజు సగమవుతుంది. ఏడు నుంచి నలభై అయిదు రెట్లు చూపించేది మూడున్నర నుంచి ఇరవై రెండు రెట్లకి దిగుతుంది. ఈయనకి పది రెట్లు చాలు. ఇంకా పెంచితే రాయి కనబడుతుంది గానీ నగలో ఎక్కడున్నామో తెలియదట. పది రెట్ల దగ్గర రూపాయి బిళ్ళంత చోటు కనిపిస్తుంది. ఒక ఉంగరం తలకి అది సరిపోతుంది. ఇక కింద పీఠంతో ఉన్నది కాదు, పక్కనుంచి చేయిలాగా చాచి ఉండే స్టాండు కావాలి, అప్పుడు నగని ఎటైనా తిప్పుకోవచ్చు.

అన్నీ కలిపి ముప్ఫై నాలుగు వేలు. నా చీటీ పాట డబ్బు నలభై వేలు అప్పుడే చేతికొచ్చింది. దాంతో నేను మెళ్ళోకి సన్నగొలుసు చేయించుకుందామనుకున్నాను. కంసాలి ఇంట్లో ఆడవాళ్ళ మెళ్ళో బంగారం నిలవదు, పిల్లల ఫీజులకని వెళ్ళింది మళ్ళీ రాదు. ఇస్తానన్నాను గానీ అప్పుగా ఇస్తానన్నాను. ఈయన నవ్వారు. నేను నవ్వలేదు, పుస్తకంలో తారీఖు వేసి రాశాను.

మామయ్యగారికి ఇదంతా నచ్చలేదు. "ఒరేయ్, యాభై ఏళ్ళు పీట మీద కూర్చుని చేశాను, నాకు ఏ మిషనూ లేదు" అన్నారు. నిజమే, లేదు. పీట, కుంపటి, దాగలి, ఊదుగొట్టం, ఒళ్ళో గుడ్డ. ఇప్పుడాయన పడుకుంటే తల కింద రెండు దిళ్ళు ఉండాలి, లేకపోతే మెడ మంచానికి ఆనదు, గాల్లో ఉంటుంది. ఆ మాట ఆయనతో మా ఆయన అనలేరు, నేనూ అనలేదు. అత్తయ్యే అన్నారు, "మీ మెడ చూసుకోండి ముందు" అని. ఆయన లేచి వీధరుగు మీదకి వెళ్ళిపోయారు.

బల్ల సంగతికొచ్చేసరికి వడ్రంగి, మా ఆయన కలిసి కొట్టులో చూసినట్టు చేసేద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను. ఎందుకంటే బల్ల ఎత్తు తేడాగా ఉంటే ఏమవుతుందో నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. మా అద్దింటి వంటగట్టు ముప్ఫై ఆరు అంగుళాలు. నేను అయిదడుగుల ఒక అంగుళం. చపాతీ ఒత్తాలంటే భుజాలు చెవుల దాకా లేవాలి. అందుకే కాళ్ళ కింద చెక్కపీట వేసుకుంటాను. మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందుంటే గట్టు హాయిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నా భుజాలు చెప్పాయి. ఇల్లు కట్టినాయన కొలత తీసుకున్నది గోడకి, వండేవాళ్ళకి కాదు.

కాబట్టి నా బ్లౌజుల టేపు తీసుకొచ్చి మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, తొడలు నేలకి సమంగా ఉండాలి. ఆయనకి కుర్చీ ఎత్తు పదిహేడు అంగుళాలు వచ్చింది. తర్వాత వీపు ఆనించి ఎదురుగా చూడమన్నాను. ఇక్కడే అసలు కిటుకు. మామూలు బల్లకి చేతి నుంచి కొలుస్తాం, మైక్రోస్కోపు బల్లకి కంటి నుంచి కిందకి కొలవాలి. కన్ను ఎక్కడుంటే కంటిగొట్టాలు అక్కడికి రావాలి, అక్కడి నుంచి మైక్రోస్కోపు పొడవు, అద్దానికీ నగకీ మధ్య దూరం తీసేస్తే నగ ఎక్కడుండాలో తేలుతుంది. మాకు అది నేల నుంచి ముప్ఫై అంగుళాలు వచ్చింది. బల్ల ఇరవై తొమ్మిది పెట్టి, అంచున చెక్క నాలిక ఒక అంగుళం పైకి బిగించాం. నగని లక్క కర్ర మీద అతికించి దానికే ఆనిస్తారు.

అయితే ఆ ఎత్తు మోచేతి కంటే నాలుగు అంగుళాలు పైకుంది. చేతులు గాల్లో పెట్టుకుని రోజంతా పని చేస్తే మెడ బాగుపడి భుజాలు పాడవుతాయి. అందుకని బల్ల ముందు భాగం అర్ధచంద్రంగా కోయించాం, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, పది లోతు. మనిషి ఆ వంపులోకి జరిగి కూర్చుంటే రెండు మోచేతులూ రెండు పక్కలా ఆనతాయి. పాత దిండు గలీబులో స్పాంజి కుట్టి మోచేతుల కింద వేశాను. వంపు కింద తోలు ఒడి వేలాడదీశాం, రజను అందులో పడాలి. కంసాలి ఇంట్లో రజను వదులుకునేవాళ్ళు ఉండరు, ఊడ్చిన చెత్త కూడా దాచి అమ్ముతాం. మిషను మీద ఖర్చు పెట్టిన మూడో వారం ఒడి దులిపితే వచ్చిన రజను చూసి మామయ్యగారు మొదటిసారి బల్ల వైపు తిరిగి చూశారు.

కొన్నాళ్ళు మాత్రం కష్టమే అయింది. రెండు కంటిగొట్టాల మధ్య దూరం తన కళ్ళకి తగ్గట్టు జరుపుకునే దాకా రెండు ఉంగరాలు కనిపించాయట. ఎక్కువ రెట్ల దగ్గర స్పష్టం చేసుకుని, తక్కువ రెట్లకి దించి, అప్పుడు ఒక్కో కన్నూ విడిగా సరిచేసుకోవాలి. ఆ వరస పట్టుబడ్డాక మధ్యలో రెట్లు ఎంత మార్చినా మళ్ళీ మసకబారలేదు. చేయి కంటికి కనబడకుండా చేయి పనే కనబడటం ఇంకో వింత. మొదటి వారం తల తిరుగుతోందని మధ్యాహ్నానికే లేచిపోయేవారు. రోజుకి వంద రాళ్ళు వేసే మనిషి పాతిక వేశారు. ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పదో రోజు సాయంత్రం దీపం పెట్టే వేళకి నేను పిలిస్తే "ఉండవే" అన్నారు. చిరాగ్గా అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో.

చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. మెరుగు పెట్టిన బంగారం మీద చుట్టు లైటు పడితే తెల్లచుక్కల వరసే కనిపిస్తుంది, అసలు గీత కనిపించదు. లైటుకి బటర్ పేపరు అతికిస్తే వెలుతురు మెత్తబడింది. మాటు పెట్టే మంట, వెలిగారం పొగ అద్దాల దగ్గరకి రాకుండా ఆ పని కిటికీ పక్కకి మార్చాం. అద్దం తుడవడానికి చీర కొంగు పనికిరాదు, కొంగుకి ఏమేం అంటి ఉంటాయో మనకే తెలుసు. గాలి ఊది దుమ్ము పోయాకే మెత్తటి గుడ్డ. మన కృష్ణ ఒడ్డు ఉక్కకి అద్దాల లోపల బూజు పడుతుందట, అందుకని రాత్రిళ్ళు కవరు కప్పి లోపల సిలికా జెల్ పొట్లాలు పెడుతున్నాను. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చినవే ముందు దాచాను, తర్వాత కొన్నాను.

కళ్ళ డాక్టరుగారు ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడమన్నారు. ఫోన్లో అలారం పెడితే ఈయన మూడో రోజు నుంచి దాని నోరు నొక్కేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేనే వంటింట్లోంచి "వేపచెట్టు!" అని అరుస్తున్నాను. వీధి చివర వేపచెట్టుంది. ఎదురింటి పిన్నిగారు మొదట్లో హడలిపోయారు. ఇప్పుడు ఆవిడ కూడా సీరియల్ మధ్యలో లేచి వేపచెట్టు చూస్తున్నారు.

మామయ్యగారు ఒక మధ్యాహ్నం ఈయన కొట్టుకెళ్ళినప్పుడు వచ్చి, "అమ్మాయ్, ఆ లైటు ఎలా వేస్తారు?" అన్నారు. అత్తయ్య చెవుల ఏడురాళ్ళ దుద్దులు విప్పించుకుని వచ్చారు. ఆయన చేసినవే, పెళ్ళయిన మూడో ఏడు. కుర్చీ ఆయనకి తగ్గట్టు దించి కూర్చోబెట్టాను. వంగిన వీపుతో కంటిగొట్టాలు అందలేదు, స్టాండు వాల్చాను. చాలాసేపు చూశారు. నాకు లోపల భయంగా ఉంది, పది రెట్లలో అన్నీ కనిపిస్తాయి కదా. చివరికి, "ఎడమ దానిలో కింది రాయికి ఒక పట్టు వంకరపోయింది. ఆ రాత్రి కరెంటు పోయింది, కిరసనాయిలు దీపం కింద పూర్తి చేశా" అన్నారు. గుమ్మంలో నిలబడిన అత్తయ్య, "యాభై ఏళ్ళు చెప్పలేదే!" అన్నారు. "ఊడలేదుగా" అన్నారాయన, కన్ను తీయకుండానే. అప్పటి నుంచి ఆయన బల్ల గురించి ఏమీ అనరు. వారానికి ఒకసారి మనవడి చేత దాని దుమ్ము మాత్రం దులిపిస్తారు.

గాజులు వెనక్కి పంపిన కొట్టు మొన్న శ్రావణం ముందు మళ్ళీ చిన్నరాళ్ళ పని ఇచ్చింది. వేళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదు, తగ్గింది. బండి వెనక్కి తీసేటప్పుడు ఈయన మళ్ళీ తల తిప్పి చూస్తున్నారు, అద్దంలో కాదు.

ఇంకొకటి. పొదిగిన రాళ్ళు తనిఖీ చేసే పని ఇప్పుడు నాది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఆ బల్ల దగ్గర కూర్చుని, సూది మొనతో ఒక్కో రాయినీ తట్టి చూస్తాను. వదులుగా ఉన్నది కదులుతుంది, పది రెట్లలో ఆ కదలిక తప్పించుకోలేదు. కుర్చీ ఎత్తు మార్చుకుని, కాళ్ళ కింద నా వంటింటి పీటే వేసుకుంటాను. నిన్న రెండు వందల పన్నెండు రాళ్ళలో మూడు కదిలాయి, వాటి పక్కన ఎర్రదారం కట్టి పెట్టాను. రాయికి అర్ధ రూపాయి మాట్లాడుకున్నాం. నా ముప్ఫై నాలుగు వేలతో కలపకుండా, అది వేరే పేజీలో రాస్తున్నాను.