డెత్ వ్యాలీ: ఇద్దరికి రెండు రోజులు

డెత్ వ్యాలీ నేషనల్ పార్కు కాలిఫోర్నియా తూర్పు అంచున ఉంది. కొద్ది భాగం నెవాడాలోకీ వెళ్తుంది. విస్తీర్ణం సుమారు 34 లక్షల ఎకరాలు. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఇంత పెద్ద నేషనల్ పార్కు మరొకటి లేదు. 1933లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 1994లో నేషనల్ పార్కు హోదా ఇచ్చారు. కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు దంపతులు లాస్ వేగస్ వెళ్తూనో వస్తూనో దీన్ని ఒక పూటలో చుట్టేస్తుంటారు. వేగస్ నుంచి రెండు గంటల దారే కాబట్టి అలా అనిపించడం సహజం. అయితే మధ్యాహ్నం దిగి సాయంత్రానికి బయటపడేవాళ్లకు ఎండ తప్ప ఏమీ మిగలదు.

ఆ ఎండకు కారణం నేల తీరులోనే ఉంది. పసిఫిక్ మీది నుంచి వచ్చే తేమ గాలి వరుసగా నాలుగు పర్వత శ్రేణులు దాటేసరికి వట్టిపోతుంది. ఏడాది మొత్తానికి ఇక్కడ పడే వాన సగటున రెండు అంగుళాలు. లోయ ఇరుకు, పక్క గోడలు ఎత్తు. వేడెక్కి పైకి లేచిన గాలి కొంత చల్లబడి మళ్లీ అడుగుకే దిగుతుంది, దిగేటప్పుడు ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. 1913 జూలై 10న ఇక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. కొందరు శాస్త్రవేత్తలకు ఆ లెక్క మీద అనుమానాలున్నా అధికారిక ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే. రెంటచింతల ఎండల్లో పెరిగామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు వెళ్లడానికి అనువైన కాలం.

లోయలో అన్నిటికంటే పల్లపు చోటు బ్యాడ్‌వాటర్ బేసిన్, సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన. ఉత్తర అమెరికా మొత్తంలో ఇంతకంటే పల్లం లేదు. పక్కనున్న కొండచరియ మీద, తల వెనక్కి వాల్చి చూస్తే తప్ప కనపడనంత ఎత్తున, ‘సముద్రమట్టం ఇక్కడ’ అని ఒక తెల్ల బోర్డు ఉంటుంది. కారు దిగినచోట ఉప్పు జనం కాళ్ల కింద నలిగి చదునుగా, మాసినట్టుగా ఉంటుంది. ఎక్కువమంది అక్కడే ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. ఇంకో అరగంట లోపలికి నడిస్తే చినగంజాం ఉప్పుమడుల్లా గట్లు కట్టిన తెల్లని గళ్లు మొదలవుతాయి. ఈ మడులను ఎవరూ కట్టలేదు. భూగర్భజలం ఉప్పును పైకి తెస్తుంది, నీరు ఆవిరై ఉప్పు పెచ్చుకడుతుంది, పెచ్చు వ్యాకోచించి అంచుల దగ్గర పైకి లేస్తుంది. వంగి దగ్గరగా చూస్తే ఆ అంచుల మీద సన్నని నూగులాంటి స్ఫటికాలు కనిపిస్తాయి. 2023 ఆగస్టులో హిలరీ తుపాను ఒక్క రోజులోనే ఏడాదికి మించిన వాన కురిపించినప్పుడు ఈ బేసిన్ చెరువైంది. మరుసటి ఏడాది మొదట్లో కొన్నాళ్లు అందులో పడవలు కూడా నడిచాయి.

ఈ లోయను చూడటంలో కిటుకంతా ఎత్తును, వేళను కలిపి లెక్కవేసుకోవడమే. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ 3 నుంచి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి తగ్గుతుంది. కాబట్టి పల్లపు చోట్లకు పొద్దున్నే వెళ్లి, ఎండ ముదిరేసరికి 5,475 అడుగుల డాంటేస్ వ్యూకు ఎక్కడం మేలు. పొద్దున నడిచిన ఉప్పునేల అక్కడి నుంచి కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. ఎదురుగా 11,049 అడుగుల టెలిస్కోప్ శిఖరం, చలికాలమైతే మంచుతో. రెండో రోజు తెల్లవారకముందే మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెల దగ్గరకు చేరుకోవాలి. రాత్రి తిరిగిన కంగారూ ఎలుకల అడుగులు, మధ్యలో వాటి తోక ఈడ్చిన గీత, ఇసుక మీద అప్పటికింకా చెరగవు. గాలి లేచాక ఏమీ ఉండదు. ఆర్టిస్ట్స్ ప్యాలెట్ కొండల రంగులకు సాయంత్రం ఎండ బాగుంటుంది.

జనం లేని నేల అనుకోవడం పొరపాటు. టింబిషా షోషోన్ తెగవారు తరతరాలుగా ఇక్కడ ఉన్నారు. 2000లో వచ్చిన చట్టంతో వారి భూమిలో కొంత వారికి తిరిగి దక్కింది. 1880లలో హార్మొనీ బోరాక్స్ వర్క్స్ నుంచి కంచరగాడిదల బండ్లు 165 మైళ్ల అవతలి మొహావీ రైలు స్టేషనుకు బోరాక్స్ మోసేవి.

రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు నేల మీద రాళ్లు వాటంతటవే కదిలిన జాడలు చూడాలని అందరికీ ఉంటుంది. పలుచని మంచు పలకలు తేలికపాటి గాలికి వాటిని నెడతాయని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. కానీ అక్కడికి వెళ్లే మట్టిదారిలోని వాడి రాళ్లు మామూలు టైర్లను చీల్చేస్తాయి. అద్దెకు తెచ్చుకున్న చిన్న కారుతో ఆ సాహసం వద్దు.

ఇక్కడి ఆకాశం చీకటికి ప్రసిద్ధి. నక్షత్రాలు చూడాలంటే పంచాంగంలో అమావాస్య చూసుకుని బయల్దేరాలి. అమావాస్య ప్రయాణమేమిటని కంగారుపడే పెద్దవాళ్లకు తిరిగొచ్చాక చెప్పుకోవచ్చు.

పార్కులో చాలాచోట్ల ఫోను పలకదు. ఒకరు నడుపుతుంటే మరొకరు కాగితపు మ్యాపు చేతపట్టుకోవాలి. ఇక్కడ ఎండదెబ్బకంటే కారు అదుపు తప్పి పోయేవారే ఎక్కువ కాబట్టి, దృశ్యాలు చూసే పని పక్కసీటుకు వదిలేయాలి. పెట్రోలు దొరికే చోట్లు తక్కువ, ధర ఎక్కువ, అందుకే ట్యాంకు బయటే నింపుకోవాలి. పులిహోర రెండు పూటలకు సరిపడా కట్టుకున్నా, నీళ్లు మాత్రం మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తగ్గకూడదు. బండి ఆగిపోతే దాని దగ్గరే ఉండండి, సాయం కోసమంటూ ఎండలో నడక మొదలుపెట్టకండి.