ఒగ్గు డోలుకు గిటార్ వంత

పాత వరంగల్ జిల్లాలో ఘనపూర్ వెళ్తున్నామని చెప్పి చూడండి. ‘ఏ ఘనపూర్?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. రైలు ఆగేది స్టేషన్ ఘనపూర్. కాకతీయుల కోటగుళ్లు ఉన్నది ములుగు వైపు ఘనపూర్. ఈ రెండూ కానిది లింగాల ఘనపూర్. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు జనగామ కిందికి వచ్చింది. చూడ్డానికి మిగతా రెండూ, వినడానికి ఇదీ అనొచ్చేమో! ఒగ్గుకథను ఊరి అరుగు మీది నుంచి దేశం వేదికల మీదికి తీసుకెళ్లి, 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యది ఈ మండలంలోని మాణిక్యపురమే మరి.

మేం మాత్రం వెళ్లింది ఓ చెక్కపలక కోసం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ బ్యాండ్‌లో గిటార్ పట్టిన ఓ కుర్రాడు సొంతూరికి తిరిగొచ్చి, పెద్దబాపు ఒగ్గు బృందంతో కలిసి వాయించాలనుకుంటున్నాడు. దానికోసం పెడల్‌బోర్డు కట్టుకుంటున్నాడు.

పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న డబ్బా. గిటార్ నుంచి వచ్చే శబ్దం దాని గుండా వెళ్లి రూపు మార్చుకుంటుంది. ఒకటి గరగరలాడిస్తుంది, ఇంకోటి అలల్లా ఊపుతుంది. నాలుగైదు డబ్బాలు పోగయ్యాక ప్రతిసారీ వైర్లు పీకి పెట్టలేక ఒకే పలక మీద బిగించుకుంటారు. ఇతని పలక ఊరి వడ్రంగి చేసింది. ముందువైపు కాస్త వాలు, మధ్యలో వైర్లు దూరే సందు. డబ్బాలు జారకుండా స్కూలు బ్యాగులకుండే వెల్క్రో పట్టీలు. కొన్న బోర్డుకేం తీసిపోదు.

అసలు తంటా కరెంటుతో. ఈ డబ్బాలు ఎక్కువగా 9 వోల్టుల మీద నడుస్తాయి. అన్నింటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా తీగ లాగితే గుంయ్... మని మోత. డిజిటల్ పెడల్ తోడైతే ఆ రొద ఇంకాస్త పెరుగుతుంది. అందుకే ఒక్కో డబ్బాకు విడివిడిగా కరెంటిచ్చే సప్లై మీద ముందు ఖర్చు పెట్టాడు. మంచి పనే చేశాడు. చాలామంది దీన్నే ఆఖరుకు వదిలేస్తారు. వరసకీ ఓ లెక్కుంది. మొదట శ్రుతి చూసే ట్యూనర్, తర్వాత గరగర, ఆ తర్వాతే డిలే. డిలేను ముందు పెడితే మారుమోతలన్నీ గరగరలో పడి ముద్దయిపోతాయి.

ఇక ఆ డిలే దగ్గరే ఆగిపోయాడు. పలక మీద జానెడు జాగా ఖాళీగా ఉంది. చేతిలో ఉన్న డబ్బుకి ఒక్కటే వస్తుంది.

డిలే అంటే ప్రతిధ్వనిని పెట్టెలో బంధించడం. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ మీద వినిపిస్తుందని స్కూలు పిల్లలందరికీ తెలుసు. ఆ దూరం దాటడానికి శబ్దానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. పెడల్‌కు కోట అక్కర్లేదు. ఎంత ఆలస్యం కావాలో బిరడా తిప్పి చెబితే చాలు. ఒకప్పుడు ఈ పని టేపుతో చేసేవారు. 1974 నాటి రోలాండ్ స్పేస్ ఎకో అలాంటిదే. 1969లో ఫిలిప్స్ ఇంజినీర్లు ‘బకెట్ బ్రిగేడ్’ అనే పద్ధతి కనిపెట్టారు. ఊళ్లో గడ్డివాము అంటుకుంటే బావి నుంచి బిందెలు చేతులు మారినట్టు, శబ్దం ఒక గది నుంచి ఇంకో గదికి చేరుతుంది. దారిలో బిందె తొణికినట్టే ఇక్కడా కొంత పోతుంది. అందుకే అనలాగ్ డిలేలో మోత మోతకీ మసకబారుతుంది. డిజిటల్‌లో ప్రతి మోతా మొదటిదానంత స్పష్టంగా ఉంటుంది.

ఏది మేలు? ఆ సాయంత్రం వాకిట్లో అరువు తెచ్చిన డిజిటల్ డిలే పెట్టి వాయించాడు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు పలికిన మాట కొసను వంతపాటగాళ్లు అందుకుంటారు. డోలూ తాళాలూ దాన్ని ఎగదోస్తాయి. ఆ అందుకునే చోటే గిటార్ మోతలు నాలుగు వచ్చి పడ్డాయి. పెద్దబాపు డోలు ఆపేశాడు.

‘‘గది గూడ వంత వాడితే ఇగ మేమెందుకురా కొడుకా?’’

‘‘తగ్గిస్త పెద్దబాపూ...’’

తగ్గించినా ఇంకో చిక్కు. కథ మొదట్లో నిదానంగా నడిచి, మల్లన్నకు కోపమొచ్చేసరికి పరుగందుకుంటుంది. నిమిషానికి 90 దెబ్బలైతే దెబ్బకూ దెబ్బకూ మధ్య 667 మిల్లీసెకన్లు. 120కి చేరితే 500. 150 అయితే 400. ముందే బిగించిన డిలే మొదటి లెక్కలోనే ఉండిపోతుంది, డోలు వెళ్లిపోతుంది. సినిమా పాటలో ఈ బాధ లేదు. అక్కడ లయ చివరిదాకా ఒకటే.

కాబట్టి అనలాగా, డిజిటలా అన్నది రెండో మాట. మొదట చూడాల్సింది ట్యాప్ టెంపో. కాలితో రెండు దెబ్బలు వేస్తే ఆ మధ్య ఎడమే కొత్త ఆలస్యం అవుతుంది. డోలు మారినప్పుడల్లా కాలూ మారొచ్చు. మోతలు మాత్రం మసకవే ఉండాలి, లేదంటే మనుషుల గొంతుకు అడ్డొస్తాయి. డిజిటల్ అయివుండి, అనలాగ్ మసకను అనుకరించి, ట్యాప్ ఉన్నది తీసుకోవాలని తేల్చుకున్నాడు. మోతలు ఒకటికి మించవు. వంత మొదలవగానే పెడల్ ఆఫ్. పెద్దబాపు పెట్టిన షరతు ఇది. నాకైతే న్యాయంగానే అనిపించింది.

మర్నాడు జీడికల్ రాములవారి గుడికి వెళ్లాం. అదీ ఈ మండలంలోనిదే, కార్తీకంలో పెద్ద జాతర జరుగుతుంది. హైదరాబాద్ నుంచి రైల్లోగానీ బస్సులోగానీ జనగామలో దిగితే ఇటు ఆటోలు దొరుకుతాయి. రోడ్డు మీద వచ్చేవాళ్లు జనగామకు ముందు పెంబర్తిలో ఆగి ఇత్తడి పని చూసి రావచ్చు. టికెట్ కొనేప్పుడు మాత్రం స్టేషన్ ఘనపూర్ అనకండి. మీరు దిగాల్సిన జనగామ దాటిపోతుంది.