చలిజ్వరం, నడుం నొప్పి

సున్నిపెంటలో చలిజ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియా. నల్లమలలో బతికేవాళ్లు అలా అనుకోవడంలో తప్పేం లేదు, నేనూ ముందు రక్తపరీక్షకే పంపుతాను. అందులో ఏమీ లేదని తేలితే రోగిని అటు తిప్పి కూర్చోబెట్టి, చివరి పక్కటెముకకూ వెన్నుకూ మధ్య, కిడ్నీ ఉన్నచోట, పిడికిలితో మెల్లగా తడతాను.

శివరాత్రి వెళ్లాక వచ్చిన ఒకావిడ ఆ తట్టుకే "అమ్మా!" అంటూ ముందుకు వంగిపోయింది. వెంకటాపురం నుంచి పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి నడిచొచ్చిన మనిషి.

"దారిలో మూత్రానికి వెళ్లావామ్మా?"

"యాడికి పోతాం సార్, ముందూ వెనకా మగోళ్లే. అందుకే నీళ్లు గూడా తాగలే."

మూత్రంలో మంట మొదలవగానే మందుల షాపులో నైట్రోఫ్యూరాంటోయిన్ ఇచ్చారట. మంట తగ్గింది, జ్వరం పట్టుకుంది. ఆ బిళ్ల మూత్రాశయానికి మంచి మందే. కానీ మూత్రంలో చేరినంతగా కిడ్నీ కండలో చేరదు. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే నాళం పొడవు 4 సెంటీమీటర్లే. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పైకి పాకడానికి అదెంత దూరం?

వాంతులవుతున్నాయి, బిళ్లలు నిలవవు. ఇంజెక్షన్ వేయకముందే, ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ పరీక్షకు మూత్రం పట్టించాం. ఒక్క డోసు పడినా రిపోర్టులో ఏమీ మొలవకపోవచ్చు. రెండు గంటలు బయట ఉంచినా లెక్క తప్పుతుంది కాబట్టి సీసాను ఐసులో పెట్టి, దోర్నాల ఘాట్ దిగి ఆత్మకూరు మీదుగా నంద్యాలకు పంపాలి. ఈలోగా సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాం. ఒకప్పుడైతే సిప్రోఫ్లాక్సాసిన్ రాసి ఇంటికి పంపేవాళ్లం. ఇప్పుడు మన దేశంలో ఈ.కోలై చాలావరకు దానికి లొంగడం లేదు.

మూడో రోజుకీ జ్వరం దిగలేదు. స్కానింగ్‌లో రాయి లేదు, చీముగడ్డ లేదు. కల్చర్ వచ్చింది: సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగని రకం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుని అమికాసిన్‌కు మార్చాక జ్వరం దిగింది. ఆ కాగితం లేకపోతే ఇంకెన్ని మందులు గుడ్డిగా మార్చేవాళ్లమో.

ఇలా మందులకు లొంగని రకాలు పెరగకూడదనే 2014 మార్చి నుంచి సెఫ్ట్రియాక్సోన్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి. రాస్తున్నారా అని మా ఊళ్లో అడిగి చూడండి.

చలిజ్వరంతో పక్కనొప్పి, వాంతులు ఉంటే, ముఖ్యంగా గర్భిణులు, షుగరున్నవాళ్లు, ఇంట్లో మిగిలిన బిళ్లలు మింగకుండా ఆసుపత్రికి రండి. నడక దారిలో అన్నదానాలు చేసే పుణ్యాత్ములకూ ఒక మనవి: వచ్చే శివరాత్రికి మీ శిబిరం పక్కన ఆడవాళ్ల కోసం నాలుగు తడికలు కూడా కట్టించండి.