పరాయివారి మర్యాద, మన ధర్మం

కృష్ణా డెల్టా దిగువన ముదినేపల్లి, గుడివాడ, కైకలూరు ప్రాంతాలలో నేడు వరిచేల పక్కనే చేపల, రొయ్యల చెరువులు పరచుకొని ఉన్నాయి. ఆ చెరువుల గట్ల మీద, ప్యాకింగు షెడ్లలో, ఎగుమతి సంస్థల లెక్కల గదులలో మన ముస్లిం యువకులు ఎందరో జీవనోపాధి పొందుతున్నారు. మా కుటుంబంలోని ఒక అబ్బాయికి ఇటీవల గ్రీసు దేశపు కొనుగోలుదారులతో సంప్రదించే బాధ్యత అప్పగించారు. “వాళ్లతో భోజనానికి కూర్చుంటే మద్యం బల్ల మీదికి వస్తుంది. మనకొద్దు బేటా” అన్నది తల్లి. “వాళ్లు చేసినట్టే చేయకపోతే వ్యాపారం నిలవదు” అన్నారు తోటి ఉద్యోగులు. ఇటువంటి సందిగ్ధం రేపు ఏ ఇంటనైనా తలెత్తవచ్చు. అందుకే మేము చదివి, విచారించి గ్రహించిన సంగతులను పాఠకుల ముందుంచుతున్నాము.

గ్రీకులతో వర్తకం మన తీరానికి కొత్త కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అనే గ్రంథం, ‘మసాలియా’ అనే ప్రాంతంలో నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని పేర్కొన్నది. 2వ శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ దానినే ‘మైసోలియా’ అన్నాడు. అది మచిలీపట్నం పరిసర సీమ అని చరిత్రకారులు భావిస్తున్నారు. టాలెమీ చెప్పిన ‘కొంటకొస్సిల’ రేవును నేటి ఘంటసాలగా గుర్తించారు. అంటే మన తాతల తాతలకు పూర్వమే ఈ నేల మీద రెండు భిన్న ఆచారాలవారు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకున్నారన్నమాట.

పరాయివారి పద్ధతిని ఎంతవరకు పాటించాలి? ఈ ప్రశ్నకు దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే స్పష్టమైన సమాధానం ఉంది. ఆయన రూమీయుల పాలకునికి లేఖ పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు చదవరని సహచరులు విన్నవించారు. ఆ రూమీయుల రాజ్యంలో ప్రధాన భాష గ్రీకే. ప్రవక్త (స) వెంటనే ఒక వెండి ఉంగరం చేయించి, దానిపై ‘ముహమ్మద్ రసూలుల్లాహ్’ అని చెక్కించారు. ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి! ముద్ర వేయడమనే పద్ధతి వారిది. ముద్రలోని మాట మాత్రం ఆయనదే. ఎదుటివారి మర్యాదను గౌరవించారు, తమ సందేశంలో ఒక్క అక్షరమూ తగ్గించలేదు. మా దృష్టిలో ఈ విషయానికంతటికీ ఇదే కొలబద్ద.

ఆ కాలానిదే మరొక సంఘటన. వ్యాపారం కోసం సిరియా వెళ్లిన అబూ సుఫ్యాన్‌ను హిరఖ్ల్ చక్రవర్తి పిలిపించి, ప్రవక్త (స) గురించి ప్రశ్నించాడు. అబూ సుఫ్యాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు, పైగా విరోధి. అయినా, ఆయన ఎన్నడైనా అబద్ధమాడారా అని అడిగితే లేదనే చెప్పాడు. తాను అబద్ధమాడితే ఆ మాట తన బృందంవారి ద్వారా నలుగురిలో వ్యాపిస్తుందని సిగ్గుపడ్డాడు. పరదేశంలో వర్తకునికి తన మాటే పెట్టుబడి అని అతనికి తెలుసు.

ఇక గ్రీకుల మర్యాదల విషయానికి వద్దాం. వారి భాషలో ‘క్సెనోస్’ అనే పదానికి అపరిచితుడు, అతిథి అనే రెండర్థాలూ ఉన్నాయి. అతిథి సత్కారం వారికి పరువుతో సమానం. ధర మాట ఎత్తేముందు కాఫీ ఇస్తారు, ఇంటివారి క్షేమం అడుగుతారు. దీనిని కాలహరణంగా భావించరాదు, ఎదుటి మనిషిని తూచే పద్ధతి అది. ఆ కాఫీని ‘టర్కీ కాఫీ’ అనకూడదు, ‘గ్రీకు కాఫీ’ అనాలి. సుమారు నాలుగు శతాబ్దాల ఉస్మానియా పాలన తాలూకు జ్ఞాపకాలు వారిలో ఇంకా సజీవంగా ఉన్నాయి. ఆ చరిత్రపై వాదానికి దిగకపోవడమే ఉత్తమం. మధ్యాహ్న భోజనానంతరం విశ్రాంతి వేళ ఫోను చేయడం అమర్యాద. ఆగస్టు నెలలో పనులు మందగిస్తాయి. పుట్టినరోజు కన్నా తమ పేరుగల పునీతుని దినాన్ని ఘనంగా జరుపుకుంటారు.

సైగల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘అవును’ అనడానికి గ్రీకులు ‘నే’ అంటారు. మన ఇళ్లలోని దక్కనీ ఉర్దూలో ‘నై’ అంటే కాదు. వారు ‘కాదు’ అనడానికి ‘ఓహి’ అంటారు, లేదా తల కాస్త పైకెత్తి కనుబొమలు ఎగరవేస్తారు. ‘ఆగండి’ అన్నట్లు అయిదు వేళ్లూ చాచి అరచేతిని వారి ముఖానికి ఎదురుగా చూపడం అక్కడ తీవ్రమైన అవమానం.

మన రొయ్యలకు నేరుగా సంబంధించిన ఆచారం మరొకటి ఉంది. ఈస్టరుకు ముందు దాదాపు ఏడు వారాలపాటు ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. చాలా రోజులు చేప కూడా నిషిద్ధమే. కాని రొయ్యలు, ఆక్టోపస్ వంటివి తినవచ్చు. కనుక ఆ వారాలకు ముందే సరకు చేరాలని వారు పట్టుబడితే, అది తొందరపాటు కాదు, వారి ఉపవాస నియమం. మనకు పూర్వపు సముదాయాలకు కూడా ఉపవాసం విధించబడిందని దివ్య ఖుర్ఆన్ తెలిపింది. రమజాను పాటించే మనకు ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

అయితే హద్దులూ ఉన్నాయి. మద్యం తిరుగుతున్న బల్ల వద్ద కూర్చోవద్దని ప్రవక్త (స) హెచ్చరించారు. కనుక రాత్రి విందుకు బదులు పగటి కాఫీ వేళకు కలుద్దామని ముందుగానే చెప్పాలి. శుక్రవారం జుమా సమయాన్ని ముందే తెలియజేయాలి. పరస్త్రీ చేయి చాచినప్పుడు గుండెపై చేయి ఉంచి, చిరునవ్వుతో నమస్కరించి కారణం చెప్పవచ్చు. దిష్టి తగలకుండా నీలిపూస కానుకగా ఇస్తే, రక్షణ అల్లాహ్‌దే అనే విశ్వాసాన్ని మాత్రం వదలరాదు. ముస్లింలు వారికి పూర్తిగా అపరిచితులూ కారు. గ్రీసులోని పశ్చిమ థ్రేస్‌లో 1923 నాటి లోజాన్ ఒప్పందం గుర్తించిన ముస్లిం అల్పసంఖ్యాక వర్గం ఉంది. 2020లో ఏథెన్సు నగరంలో ప్రభుత్వం నిర్మించిన మసీదు తెరుచుకున్నది. చివరి క్షణంలో సాకులు చెప్పేవాడిని ఎవరూ నమ్మరు. ముందుగానే తన నియమం చెప్పినవాడిని గౌరవిస్తారు.

అన్నిటికన్నా పెద్ద మర్యాద తూకంలో ఉంది. కిలోకు ఎన్ని రొయ్యలో చెప్పే కౌంటు సరిగా ఉందా? గడ్డకట్టిన రొయ్యలపై వేసే మంచు పూత బరువును అసలు బరువులో కలిపి చూపుతున్నామా? ఐరోపాలో నిషేధించిన యాంటీబయాటిక్ మందులు చెరువులో పడ్డాయా? తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని ‘ముతఫ్ఫిఫీన్’ సూరా హెచ్చరిస్తోంది. కొనేవాడు ముస్లిమా, గ్రీకా అన్న భేదం అందులో లేదు. అలాగే గడువుతో కూడిన అప్పు లావాదేవీని రాసుకొమ్మని ‘బఖరా’ సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తోంది. స్నేహం ఎంత కుదిరినా నోటిమాటతో సరిపెట్టక, ధర, గడువు, నాణ్యత కాగితం మీద పెట్టాలి. అది అపనమ్మకం కాదు, స్నేహానికి రక్షణ.

మన పిల్లలను ఇలాంటి కొలువులకు పంపకుండా ఆపితే జీవనోపాధి తగ్గుతుంది. ఏ హద్దూ చెప్పకుండా పంపితే ధర్మం తగ్గుతుంది. ఏది వారి ఆచారమో, ఏది మన హద్దో ఇంట్లోనే వివరంగా చెప్పి పంపడం పెద్దల బాధ్యత. కరుణామయుడైన అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన మాటలో నిజాయితీని, మన నడతలో మర్యాదను ప్రసాదించుగాక! ఆమీన్.